బడి వయసు పిల్లలకు బూస్టర్ టీకాలు: మళ్లీ ఎందుకు, మధ్యలో ఒకటి తప్పితే ఏం చేయాలి?

వానచినుకు:
అందరికీ నమస్కారం. మా పాపకు పదేళ్లు నిండాయి. బడి నుంచి ఒక కాగితం వచ్చింది, పిల్లలకు టీడీ టీకా (ధనుర్వాతం, కంఠసర్పి అనే డిఫ్తీరియా రాకుండా వేసేది) వేయిస్తున్నాం, ఒప్పుకుంటే సంతకం పెట్టి పంపండి అని. పుట్టినప్పటి నుంచి ఏడాదిన్నర దాకా వేయాల్సినవన్నీ వేయించాం, కార్డు నిండా తేదీలే. ఐదేళ్లప్పటి డీపీటీ (ఆ రెండింటితో పాటు కోరింత దగ్గుకీ కలిపి వేసేది) బూస్టర్ గడి మాత్రం ఖాళీగా ఉంది. నాకు రెండు సందేహాలు. అన్నీ వేయించిన పిల్లకి మళ్లీ అదే టీకా ఎందుకు, చిన్నప్పుడు వేసింది పనిచేయలేదనా? మధ్యలో ఒకటి లేదు కాబట్టి మొత్తం మొదటి నుంచి వేయించాలా? ఇంట్లో మా అత్తగారేమో "మా కాలంలో ఇన్ని సూదులు ఎక్కడివి, మేమంతా బతకలేదా" అంటున్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే టెన్షన్ తగ్గకపోగా పెరిగింది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఇద్దరు_పిల్లల_నాన్న:
మొదటి నుంచి అక్కర్లేదండీ. మా పెద్దాడి విషయంలో ఇదే డౌట్ వచ్చి డాక్టర్‌ని అడిగాం, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి వేయించుకుంటూ పోవడమే అన్నారు. సంతకం పెట్టేయండి.

ఉత్తరగాలి:
నేను టీకాలకు వ్యతిరేకిని కాను, ముందే చెప్తున్నా, మళ్లీ అందరూ మీద పడొద్దు. కానీ "సంతకం పెట్టేయండి" అనే సలహా నాకు నచ్చదు. పసిపిల్లప్పుడు మూడు, ఏడాదిన్నరకి ఒకటి, ఐదేళ్లకి ఒకటి, పదికి ఒకటి, మళ్లీ పదహారుకి ఒకటి. తట్టుకి రెండు మూడు డోసులతో అయిపోతున్నప్పుడు దీనికి ఇన్ని ఎందుకు? కారణం చెప్తే వింటాను. "డాక్టర్ అన్నారు" అనేది కారణం కాదు.

సూక్ష్మదర్శిని:
ఉత్తరగాలి గారి ప్రశ్న సరైనదే, చాలామంది అడగకుండా వదిలేసేది కూడా. నేను మైక్రోబయాలజీ చదివినదాన్ని, డాక్టర్‌ని కాను, ఆ తేడా గుర్తుపెట్టుకుని చదవండి.

తట్టు టీకాలో బతికున్న వైరస్ ఉంటుంది, బాగా బలహీనపరిచినది. అది ఒంట్లో కొన్నాళ్లు పెరుగుతుంది, శరీరం నిజం జబ్బుతో తలపడినట్టే తలపడుతుంది, అందుకే ఆ రక్షణ దాదాపు జీవితాంతం నిలుస్తుంది. ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) టీకాల సంగతి వేరు. వాటిలో అసలు క్రిమే లేదు. ఆ రెండు జబ్బుల్లోనూ మనిషిని చంపేది బ్యాక్టీరియా కంటే అది వదిలే విషం. ఆ విషాన్ని ఫార్మలిన్‌తో నిర్వీర్యం చేసి, కాటు పోయి రూపం మాత్రం మిగిలేలా చేసి ఎక్కిస్తారు. 1920ల్లో ఫ్రాన్స్‌లో గాస్టన్ రామోన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ మూలం అదే. ఒంట్లో పెరిగేది ఏమీ లేదు కాబట్టి ఒకటి రెండు డోసులతో వచ్చే యాంటీబాడీలు (ఆ విషాన్ని అడ్డుకోవడానికి ఒళ్లు తయారు చేసుకునే ప్రొటీన్లు) తొందరగా పడిపోతాయి. ఒక్కో బూస్టర్‌తో మళ్లీ పైకి లేస్తాయి, ప్రతిసారీ ఇంతకుముందు కంటే ఎక్కువకాలం నిలుస్తాయి.

"క్రిమిని గుర్తుపెట్టుకునే జ్ఞాపక కణాలు ఉంటాయిగా, జబ్బు వచ్చినప్పుడు అవే లేచి పోరాడతాయి" అని కొందరు అంటారు. ఆ మాట కొన్ని జబ్బులకే చెల్లుతుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడటానికి నెలలు పడుతుంది, ఆలోపు జ్ఞాపక కణాలు నిద్రలేచి కావలసినన్ని యాంటీబాడీలు తయారు చేసుకుంటాయి, అందుకే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు హెపటైటిస్ బి బూస్టర్ అక్కర్లేదు. కంఠసర్పి అలా కాదు, క్రిమి గొంతులో చేరిన 2 నుంచి 5 రోజుల్లో జబ్బు మొదలైపోతుంది. జ్ఞాపక కణాలు తేరుకోవడానికే కొన్ని రోజులు కావాలి. విషం రక్తంలో దిగే వేళకి యాంటీబాడీలు అక్కడ సిద్ధంగా తిరుగుతూ ఉండాలి. ఆ మట్టం పడిపోకుండా చూడటానికే ఈ బూస్టర్లు.

ఇక తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపి వేసే ఎంఎంఆర్ రెండో డోసుకి ఉద్దేశమే వేరు. ఏడాది దాటిన వందమందికి ఒక డోసు వేస్తే దాదాపు 93 మందికి తట్టు నుంచి రక్షణ వస్తుంది, మిగతా ఏడుగురికి ఏ కారణం వల్లో అంటదు. ఆ ఏడుగురు ఎవరో మనకి తెలియదు, కాబట్టి అందరికీ రెండోసారి వేస్తారు, అప్పుడు 97 దాకా వెళ్తుంది. తొమ్మిదో నెలలో వేసే డోసు అంతకంటే తక్కువమందికి అంటుతుంది, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా కొంత మిగిలి ఉండి టీకా వైరస్‌ని అడ్డుకుంటాయి. ఆ వయసులో మొదలుపెట్టే చోట మళ్లీ వేయడం ఇంకా ముఖ్యం.

కాబట్టి "బూస్టర్లు కావాలా వద్దా" అని గంపగుత్తగా అడిగితే జవాబు రాదండీ. ఏ టీకా, ఏ జబ్బు, ఎందుకు అని విడివిడిగా అడగాలి.

పాతతరం:
వానచినుకు తల్లీ, మీ అత్తగారి వయసే ఉంటుంది నాది. "మేమంతా బతకలేదా" అన్నావిడకి చెప్పు, బతికినవాళ్లమే కదమ్మా ఇప్పుడు ఆ మాట అనగలుగుతున్నది. పోయినవాళ్లు వచ్చి చెప్పరుగా. మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ లెక్కకి ఇద్దరు ముగ్గురు ఎక్కువ పుట్టేవాళ్లు, పెరిగింది ఎంతమందో ఆవిణ్ణే అడుగు. కంఠసర్పి వచ్చిన పిల్లాడి ఇంటి వైపు మమ్మల్ని పోనిచ్చేవాళ్లు కాదు. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆడక పోయేవాళ్లు.

వానచినుకు:
పాతతరం గారూ, ఈ మాట అత్తగారికి యథాతథంగా చదివి వినిపిస్తాను, నా నోటితో చెప్తే గొడవే 😀

సూక్ష్మదర్శిని గారూ, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి మా పాపకు ఐదేళ్ల డోసు లేదు కదా, ఇప్పుడు ఆ డీపీటీ కూడా, ఈ టీడీ కూడా, రెండూ వేయించాలా?

తెల్లచెప్పులు:
నేను టీకాల గదిలోనే పనిచేస్తాను, నర్స్‌ని. డీపీటీ ఇప్పుడు వేయరండీ. మొత్తం క్రిమితో చేసిన కోరింత దగ్గు భాగం ఉండే డీపీటీ ఏడేళ్లు దాటాక వేయం, ఆ వయసు నుంచి జ్వరం, నొప్పి ఎక్కువగా ఉంటాయని. ఏడు దాటితే టీడీ గానీ టీడ్యాప్ గానీ. రెండింటిలోనూ కంఠసర్పి భాగం చిన్నపిల్లల టీకాలో కంటే బాగా తక్కువ మోతాదులో ఉంటుంది, పెద్దపిల్లలకి అదే సరిపోతుంది. టీడ్యాప్‌లో కోరింత దగ్గుది కూడా తగ్గించిన మోతాదులో కలిసి ఉంటుంది, టీడీలో అది ఉండదు.

మొదలుపెట్టిన కోర్సు మధ్యలో ఎన్నాళ్లు ఆగినా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాల్సిన పని లేదు. వేసిన డోసు వేసినట్టే. మీరు చేయాల్సిందల్లా కార్డు ఫోటో తీసి పెట్టుకుని, టీకా వేసేవాళ్లకి ఆ ఖాళీ గడి చూపించడం. బడిలో వేసేటప్పుడు కార్డు ఎవరూ అడగకపోవచ్చు, కాబట్టి పాప బ్యాగులో పెట్టి పంపండి లేదా ముందే వెళ్లి చూపించండి. చాలామంది తల్లిదండ్రులు రెండేళ్లు దాటాక ఆ కార్డు ఎక్కడ పెట్టారో మర్చిపోతారు, మా దగ్గర రోజూ ఉండే గోలే ఇది.

లెక్కలపిచ్చి:
వానచినుకు గారి పాప లెక్క నేను వేశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ మొత్తం ఆరు డోసులు: పసితనంలో మూడు, తర్వాత 12 నుంచి 23 నెలల మధ్య ఒకటి, 4 నుంచి 7 ఏళ్ల మధ్య ఒకటి, 9 నుంచి 15 ఏళ్ల మధ్య ఒకటి. ఇండియాలో ఇంకొకటి ఎక్కువ, పదికి, పదహారుకి రెండుసార్లు టీడీ ఉంది. అంటే ఏడు. ఈ పాపకి ఇప్పటిదాకా 3 + 1 = 4 పడ్డాయి. ఇప్పుడు పదేళ్లది వేయిస్తే అయిదు, పదహారుకి వేయిస్తే ఆరు. మధ్యలోది తప్పినా ఆరు పూర్తవుతున్నాయి. తప్పకూడనిది ఇక పదహారుదే, సరిగ్గా అదే అందరూ మర్చిపోయేది, ఎందుకంటే ఆ వయసులో పరీక్షల గోలలో పిల్లలూ పెద్దలూ ఎవరూ టీకా గురించి ఆలోచించరు.

దేశాన్ని బట్టి వయసులు మారతాయి, అది చూసి కంగారుపడొద్దు. అమెరికాలో 11-12 ఏళ్లకి టీడ్యాప్. బ్రిటన్‌లో బడిలో చేరేముందు ఒకటి, 14 ఏళ్ల ప్రాంతంలో ఇంకొకటి. సూత్రం ఒకటే, మట్టం పడిపోయే వయసుల దగ్గర మళ్లీ లేపడం.

ఉత్తరగాలి:
సరే, కంఠసర్పి విషయం ఒప్పుకుంటున్నాను, 2 నుంచి 5 రోజులు అన్న పాయింట్ బావుంది. కానీ నిజంగా ఆ జబ్బు ఇప్పుడు ఎక్కడుంది? నా జీవితంలో ఒక్కరిని చూడలేదు. లేని జబ్బుకి ప్రతి పిల్లాడికీ నాలుగైదేళ్లకోసారి సూది ఎందుకు?

లెక్కలపిచ్చి:
లేదనుకున్న చోటే వచ్చింది కదా. సోవియట్ యూనియన్ కూలిన రోజులు చూడండి. అంతకుముందు అక్కడ కంఠసర్పి దాదాపు పోయింది. పిల్లల టీకాలు సడలిపోయాయి, పెద్దవాళ్లలో రక్షణ పలచబడింది, వ్యవస్థ కూలి జనం అటూ ఇటూ కదిలారు. 1990ల్లో ఆ దేశాలన్నింటిలో కలిపి లక్షన్నరకు పైగా కేసులు, దాదాపు 5,000 మరణాలు. వాళ్లలో పిల్లలే కాదు, పదిహేనేళ్లు దాటినవాళ్లు చాలామంది ఉన్నారు, అంటే చిన్నప్పుడు టీకా వేయించుకుని బూస్టర్ లేని వయసు. తర్వాత 2017 చివర్లో బంగ్లాదేశ్‌లోని రోహింగ్యా శిబిరాల్లో వేలమందికి, 2023లో నైజీరియాలో మళ్లీ వేలమందికి. మీరు చూడకపోవడానికి కారణం మీ చుట్టూ ఉన్నవాళ్లు టీకా వేయించుకోవడమే.

సూక్ష్మదర్శిని:
ఇంకొకటి కలుపుతాను. కంఠసర్పి వచ్చాక యాంటీబయాటిక్ ఇస్తే క్రిమి చస్తుంది గానీ, అప్పటికే అది వదిలిన విషం పోదు, అది గుండె కండరాన్ని, నరాలని దెబ్బతీస్తుంది. దానికి విరుగుడు సీరం కావాలి. ఆ సీరం ఇప్పటికీ గుర్రాల రక్తం నుంచే తయారవుతోంది, ప్రపంచం మొత్తం మీద దానికి కొరత. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణానికి ఈ సీరాన్నే మంచులో కుక్కల బళ్ల మీద చేరవేశారు. వందేళ్లు గడిచినా వచ్చాక వైద్యం అంత సులువు కాలేదు.

ధనుర్వాతానికైతే "చుట్టూ ఉన్నవాళ్లు వేయించుకున్నారుగా" అన్న ధీమా కూడా పనికిరాదు. అది మనిషి నుంచి మనిషికి అంటేది కాదు. మట్టిలో, పశువుల పేడలో ఉండే బీజాల నుంచి గాయం ద్వారా వస్తుంది, ఊరంతా వేయించుకున్నా వేయించుకోని ఒక్క పిల్లాడికి రక్షణ సున్నా. పైగా ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకి మళ్లీ రావచ్చు. ప్రాణం తీయడానికి చాలే విషం మోతాదు ఎంత తక్కువంటే, అది శరీరానికి రోగనిరోధక శక్తి నేర్పడానికి కూడా సరిపోదు.

చిలకపలుకు:
అందరూ జాగ్రత్త!! ఈ టీడీ టీకా ఆడపిల్లలకి పిల్లలు పుట్టకుండా చేయడానికి అని ఒక గ్రూపులో వచ్చింది, పంపించినవాళ్లు చదువుకున్నవాళ్లే

మోడరేటర్:
చిలకపలుకు గారూ, ఆధారం లేని ఫార్వర్డులు ఇక్కడ వద్దు. ధనుర్వాతం టీకాని దశాబ్దాలుగా గర్భిణులకే ఇస్తున్నారు, పుట్టే బిడ్డని ధనుర్వాతం నుంచి కాపాడటానికి. ఆ వదంతికి ఇదొక్కటి చాలు. మీ పోస్టు తీసేయకుండా ఉంచుతున్నాను, జవాబు కింద కనపడాలి కాబట్టి. ఇంకోసారైతే తీసేస్తాను.

రెండుజడలు:
మా బాబుకి ఐదేళ్లు, డీపీటీ బూస్టర్ వేయించాలి. "నొప్పి లేని టీకా" అని ఒకటి, మామూలుది ఒకటి, ఏది కావాలో మీరే చెప్పండి అన్నారు. నొప్పి లేనిదే మంచిదేమో అనుకున్నాను, మా ఆయనేమో పాతదే మేలు అంటున్నారు. ఏది నిజం?

సూక్ష్మదర్శిని:
రెండూ నిజమేనండీ, అందుకే ఇది చిక్కు. తేడా అంతా కోరింత దగ్గు భాగంలో ఉంది. పాత టీకాలో చంపేసిన క్రిమి మొత్తం ఉంటుంది, జ్వరం, వాపు, ఏడుపు ఎక్కువ. కొత్తదాంట్లో ఆ క్రిమి నుంచి వేరుచేసిన కొన్ని ప్రొటీన్లే ఉంటాయి, బాధ బాగా తక్కువ. 1990ల్లో చాలా ధనిక దేశాలు కొత్తదానికి మారిపోయాయి. తర్వాత తెలిసింది ఏంటంటే దాని రక్షణ త్వరగా కరిగిపోతోంది. 2010లో కాలిఫోర్నియాలో కోరింత దగ్గు విజృంభించింది, 9,000 పైచిలుకు కేసులు, పదిమంది పసిబిడ్డలు చనిపోయారు. అప్పుడు 7 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో, టీకాలన్నీ వేయించుకున్నవాళ్లలోనూ, జబ్బు బాగా కనిపించింది. పుట్టినప్పటి నుంచి కొత్త టీకా మాత్రమే పడిన మొదటి తరం వాళ్లే.

పెద్దపిల్లలకి వేసే టీడ్యాప్ కూడా అంతే. మొదటి ఏడాది పదిమందిలో ఏడుగురికి రక్షణ ఉంటే, నాలుగేళ్లకి అది ముగ్గురు నలుగురికి పడిపోతుంది.

ఉత్తరగాలి:
చూశారా. ఇదే నేను అనేది. "సురక్షితం, ప్రభావవంతం" అని చెప్పి మార్చారు, ఇరవై ఏళ్లకి అది సరిగ్గా పనిచేయట్లేదని తేలింది. ఇప్పుడు నమ్మమంటే ఎలా నమ్మాలి?

సూక్ష్మదర్శిని:
సురక్షితం అన్నది నిజమైంది. ఎంతకాలం పనిచేస్తుందన్న అంచనా తప్పింది. రెండూ ఒకటి కాదు. ఆ తప్పుని బయటపెట్టింది కూడా టీకాలు వేసినవాళ్ల రికార్డులే, ఎవరో రహస్యంగా బయటకి తెచ్చింది కాదు. మీ అసహనం నాకు అర్థమవుతుంది, ఈ విషయంలో ప్రజలకి నేరుగా చెప్పాల్సినంత చెప్పలేదన్నది నా అభిప్రాయం కూడా. అయినా రక్షణ తగ్గిపోతుంది అన్నది బూస్టర్ మానేయడానికి కారణం ఎలా అవుతుంది? తగ్గుతుంది కాబట్టే బూస్టర్.

రెండుజడలు గారూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఏంటంటే పసిపిల్లల మొదటి మూడు డోసులకి పాత టీకా వాడుతున్న దేశాలు దాన్నే కొనసాగించడం మంచిది అని. ఆ మూడూ పాతదే పడి ఉంటే ఐదేళ్ల బూస్టర్ దగ్గర ఏది వేయించినా పెద్దగా నష్టం లేదు. ఇంతకుముందు డోసుకి మీ బాబుకి విపరీతమైన జ్వరం, గంటల తరబడి ఆగని ఏడుపు లాంటివి వచ్చుంటే ఆ మాట వేసేవాళ్లకి తప్పకుండా చెప్పండి, నిర్ణయం దాన్నిబట్టి మారుతుంది.

రెండుజడలు:
మూడూ పాతదేనండీ, ఒక రాత్రి జ్వరం తప్ప ఏమీ లేదు. అర్థమైంది.

ఇద్దరు_పిల్లల_నాన్న:
కోరింత దగ్గు పెద్ద పిల్లలకి వస్తే ఏమవుతుంది? వారాల తరబడి దగ్గుతారు, అంతేగా?

తెల్లచెప్పులు:
పదేళ్ల పిల్లకి అంతే కావచ్చు, రెండు మూడు నెలలు దగ్గు, నిద్ర లేకపోవడం, దగ్గి దగ్గి వాంతి. అసలు భయం ఆ పిల్ల ఇంట్లో ఉన్న నెలల బిడ్డ గురించి. ఆరు వారాలలోపు పసిగుడ్డుకి ఇంకా మొదటి డోసే పడి ఉండదు. వాళ్లు దగ్గను కూడా దగ్గరు, ఊపిరి ఆగిపోతుంది, నీలంగా అయిపోతారు. అన్నయ్యలు అక్కయ్యలే ఇంటికి మోసుకొస్తారు. అందుకే గర్భిణులకి కూడా కోరింత దగ్గు టీకా ఇస్తున్నారు, 2012లో బ్రిటన్ మొదలుపెట్టాక పసిబిడ్డల్లో కేసులు బాగా తగ్గాయి. ఇంట్లో చిన్నబిడ్డ ఉన్నా, రాబోతున్నా పదేళ్ల బిడ్డకి టీడీ బదులు టీడ్యాప్ దొరుకుతుందేమో అడగండి. దొరక్కపోతే టీడీని ఆపొద్దు.

లెక్కలపిచ్చి:
ఇంకో ప్రశ్న, ఇది ఇక్కడ అందరికీ పనికొస్తుంది. పిల్లాడు ఆడుకుంటూ పడి గాయమైతే ప్రతిసారీ ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అవసరమా?

తెల్లచెప్పులు:
ప్రతిసారీ అక్కర్లేదు. ఇది నేను రోజుకోసారైనా చెప్పే విషయం, వచ్చినవాళ్లు వేయకుండా పంపిస్తే కోపగించుకుంటారు కూడా. కోర్సు సరిగ్గా పడిన పిల్లలకి చిన్న, శుభ్రమైన గాయమైతే ఆఖరి డోసు పడి పదేళ్లు దాటితేనే మళ్లీ వేస్తాం. మట్టి, పేడ, తుప్పు అంటిన గాయం, లోతుగా గుచ్చుకున్నది, కాలిన గాయం, కుక్క కాటు, ఇలాంటివైతే అయిదేళ్లు దాటితే వేస్తాం. అయిదేళ్లలోపు అయితే గాయాన్ని సబ్బూ నీళ్లతో బాగా కడగడమే మొదటి పని. కుక్క కాటుకి రేబిస్ టీకా వేరే సంగతి, దానికి ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఇదీ అదీ కలిపి చూడొద్దు.

అనవసరంగా ఎక్కువసార్లు వేయించుకుంటే ఏమవుతుందంటే, ఒంట్లో అప్పటికే యాంటీబాడీలు నిండుగా ఉన్నప్పుడు సూది పడిన చోట పెద్ద వాపు వస్తుంది, కొందరికి భుజం నుంచి మోచేతి దాకా ఉబ్బుతుంది. నాలుగో అయిదో డోసుకి మామూలుగా వేసినప్పుడు కూడా అప్పుడప్పుడు ఇలా అవుతుంది. చూస్తే చీము పట్టిందేమో అనిపిస్తుంది, తల్లిదండ్రులు హడలిపోయి యాంటీబయాటిక్ మొదలుపెట్టించేస్తారు. చాలాసార్లు నాలుగైదు రోజుల్లో దానంతట అదే పోతుంది. వాపు రోజురోజుకి పెరుగుతున్నా, జ్వరం రెండు రోజులు దాటినా చూపించండి.

బడిగంట:
నేను టీచర్‌ని. బడిలో టీకాలు వేసే రోజు నా అనుభవం చెప్తాను. వరసలో నిలబెడతారు, ముందున్న పిల్ల సూది చూసి ఏడుస్తుంది, వెనకున్న పదిమంది మొహాలు పాలిపోతాయి. ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోయిందంటే చాలు, వరసగా ఇంకో నలుగురు. అప్పుడు ఎవరో ఒకరు ఇంటికి ఫోన్ చేస్తారు, అరగంటలో గేటు దగ్గర గొడవ, "టీకా వికటించింది" అని. తీరా చూస్తే పిల్లలంతా సాయంత్రానికి గెంతుతూ ఉంటారు. దీనికి ముందు జాగ్రత్త ఏముందో ఎవరైనా చెప్పగలరా?

తెల్లచెప్పులు:
టీచర్ గారూ, మీరు చెప్పింది ప్రపంచమంతా ఉన్నదే. సూది భయంతో, ఆందోళనతో రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి, పది నుంచి పంతొమ్మిది ఏళ్ల మధ్య ఎక్కువ. ఇందులో టీకా మందు పాత్ర లేదు, ఖాళీ సూదికైనా అంతే. ప్రమాదం పడిపోయినప్పుడు తలకి దెబ్బ తగలడంలోనే.

మేం చేసేది చెప్తాను. పొద్దున ఏమీ తినకుండా రావొద్దని ముందురోజే చెప్పిస్తాం. వేసే చోటికి తెర కడతాం, వరసలో ఉన్నవాళ్లకి కనపడకూడదు. బాగా భయపడే పిల్లలని ముందే వేసి పంపేస్తాం, ఎదురుచూసే కొద్దీ భయం పెరుగుతుంది. నిలబెట్టి ఎప్పుడూ వేయం, కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి. వేశాక కనీసం పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోవాలి, మా దగ్గర అరగంట ఉంచుతాం. కళ్లు తిరిగితే పడుకోబెట్టి కాళ్లు పైకెత్తితే నిమిషంలో తేరుకుంటారు.

నిజమైన అలర్జీ వేరు, దద్దుర్లు, పెదాలు వాయడం, గురక శ్వాస, దానికి ఇంజెక్షన్ మా ట్రేలో సిద్ధంగా ఉంటుంది. అది పది లక్షల డోసులకి ఒకటి రెండు.

ఇళ్లలో ఒక్క మాట మానేయండి చాలు, "నొప్పి ఉండదు" అని అబద్ధం చెప్పడం. ఉంటుంది, ఒక్క క్షణం. అది చెప్పి, అటు చూసి గట్టిగా ఊదమనండి. అల్లరి చేస్తే ఇంజెక్షన్ చేయిస్తా అని బెదిరించి పెంచిన పిల్లలని మేం వందమందిలో కూడా గుర్తుపడతాం.

బడిగంట:
తెర ఐడియా మా హెడ్‌మాస్టర్‌కి చెప్తాను. వేసేది లైబ్రరీ గదిలో పెట్టి, వరసని వరండాలో ఉంచితే అదే సరిపోతుందేమో.

ఉత్తరగాలి:
ఆఖరి ప్రశ్న, ఇది నిజంగా అడుగుతున్నా, వాదనకి కాదు. ఈ టీకాల్లో అల్యూమినియం ఉంటుందట కదా. ఏడు డోసులంటే ఏడుసార్లు.

సూక్ష్మదర్శిని:
ఉంటుంది, అల్యూమినియం లవణం, టాక్సాయిడ్‌కి, అంటే నిర్వీర్యం చేసిన ఆ విషానికి, శరీరం గట్టిగా స్పందించడానికి. 1930ల నుంచి వాడుతున్నారు. డోసుకి ఉండేది చాలా తక్కువ. సూది పడిన చోట గట్టిగా చిన్న గడ్డలా కొన్ని వారాలు ఉండటానికి కారణం చాలాసార్లు ఇదే. 2025లో డెన్మార్క్‌లో 12 లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూశారు, ఆటిజం, ఆస్తమా, ఆటోఇమ్యూన్ జబ్బులతో (ఒళ్లు తన మీద తానే దాడి చేసుకునేవి) సహా యాభై రకాలు, టీకాలతో అందిన అల్యూమినియం ఎక్కువైనకొద్దీ అవి పెరిగినట్టు ఏమీ కనపడలేదు.

ఉత్తరగాలి:
ఆ అధ్యయనం పూర్తిగా చదువుతాను. నా అనుమానాలన్నీ పోయాయని చెప్పను. మా వాడికి పదహారు నిండుతోంది, టీడీ వేయించడం వరకైతే నాకు అభ్యంతరం లేదు.

నీలిగోళీ:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. జలుబు ఉంటే వేయించొచ్చా? ముందే పారాసిటమాల్ వేసి తీసుకెళ్లమంటారు కొందరు.

తెల్లచెప్పులు:
మామూలు జలుబు, కాస్త దగ్గు ఉంటే ఆపొద్దు. ఒళ్లు కాలే జ్వరం ఉంటే తగ్గాక వేయించండి. ముందుగానే పారాసిటమాల్ వద్దు, పసిపిల్లల్లో యాంటీబాడీలు కొంత తగ్గినట్టు కనిపించింది. టీకా తర్వాత జ్వరం వచ్చి పిల్లలు నీరసపడితే అప్పుడు బరువుకి తగ్గ మోతాదు ఇవ్వండి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మళ్లీ వేయాలంటే కనీసం నాలుగు గంటలు ఆగాలి, రోజుకి నాలుగుసార్లు మించొద్దు. ఆస్పిరిన్ పిల్లలకి అసలు ఇవ్వొద్దు. సూది పడిన చోట రుద్దకండి, కొబ్బరినూనె, పసుపు లాంటివేవీ రాయకండి, చల్లటి తడిగుడ్డ చాలు.

క్యాన్సర్ మందులు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు వాడుతున్న పిల్లలుంటే మాత్రం బడిలో వేయించకుండా వాళ్ల డాక్టర్ దగ్గరకే వెళ్లండి. టీడీతో సమస్య లేదు, బతికున్న వైరస్ ఉండే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలతోనే.

నీలిగోళీ:
థాంక్సండీ. పనిలో పని, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా) కూడా ఈ వయసుకే అంటున్నారు, అదీ బూస్టరేనా?

మోడరేటర్:
కాదు, అది ఈ వయసులోనే మొదటిసారి వేసేది, ముఖ్యంగా 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి. దాని మీద వేరే చర్చ తెరుస్తున్నాను, ఇక్కడ కలిపితే రెండూ చెడతాయి.

వానచినుకు:
అందరికీ మరోసారి థాంక్స్. సంతకం పెట్టాను, కార్డు జెరాక్స్ పిన్ చేశాను. పాతతరం గారి మాట విన్నాక అత్తగారు "నేను వద్దన్నానా, ఎందుకని అడిగాను" అన్నారు 😀 ఒక్కటే మిగిలింది. ఎంఎంఆర్ రెండో డోసు తేదీ దగ్గర రాసింది చెరిగిపోయింది, వేశారో లేదో తెలియట్లేదు. అది కూడా వేయించాలనుకుంటే టీడీతో పాటు అదే రోజు వేయొచ్చా, గ్యాప్ ఇవ్వాలా?

తెల్లచెప్పులు:
అదే రోజు వేయించొచ్చు, చెరో చేతికి. గ్యాప్ నిబంధన బతికున్న వైరస్ ఉండే రెండు ఇంజెక్షన్ టీకాల మధ్యనే, అంటే ఎంఎంఆర్, ఆటలమ్మ లాంటివి ఒకే రోజు వేయకపోతే 28 రోజులు ఆగాలి. టీడీకి అది వర్తించదు. ఎంఎంఆర్ ఇంతకుముందు పడి ఉన్నా ఇంకొకటి పడితే నష్టం లేదు, రుజువు లేకపోతే వేయలేదనే లెక్క. పాప ఏ చేత్తో రాస్తుందో ఆ చేతికి ఎంఎంఆర్ వేయమనండి, టీడీ రెండో చేతికి. నొప్పి ఎక్కువ ఉండేది దానికే.